తోమిన పెనం

మిల్లుకి తాళం పడిన ఇరవయ్యో రోజు
ఇంట్లో ఏదో ఒక పని చేద్దామనుకుని
పెనం తోమాను.

నెల్లిమర్లలో ఇటిక పొడికి కరువా.
కొబ్బరిపీచు పెట్టి, చింతపండు పెట్టి,
ఆఖరికి ఇనప పీచు కొనుక్కొచ్చి మరీ
నూతి గట్టు మీద కూకుని
రెండు చేతులా తోమాను.
నల్లటి నీళ్ళు కాలవలోకి పోతుంటే
ఎంత మురికి తింటన్నారో జనం అనుకున్నాను.
నాలుగింటికి ఇనుము బయటపడింది,
బూడిద రంగులో, పుట్టినప్పటి ముఖంతో.
తవిటమ్మ చూస్తే ఏమంటుందో అని
బీడీ కూడా వెలిగించకుండా కాసుకున్నాను.

చూడలేదు. పిండి రుబ్బి పడుకుంది.

తెల్లారగట్ల అయిదింటికి
స్టేషను రోడ్డు మలుపులో
మొదటి అట్టు.
గరిటె తిప్పుతుండగానే పిండి ఇనుముని కరుచుకుంది.
అట్లకాడ దూరిస్తే సగం చిరిగింది,
సగం అక్కడే ఉండిపోయింది.
మొదటిది పెనం తింటాదిలే అంది.
రెండోదీ పెనమే తింది.
మూడోది గీకి ఆకులో వేస్తే
గేంగ్‌మన్ బంగారినాయుడు
"ఇది అట్టేటి, ఉప్మాయేటి వదినా?" అన్నాడు.
అప్పుడు బల్బు కిందికి పెనాన్ని వంచి చూసింది.
తర్వాత నా వేళ్ళు చూసింది,
గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు.

తిట్టలేదు. తిడితే బాగుణ్ణు.
"అది మురికి కాదు," అంది,
"పదకొండేళ్ళ నూనె.
మానాపురం సంతలో కొన్నప్పుడు ఇలాగే మెరిసీది,
ఆరు నెలలు ఏడిపించీసింది నన్ను.
రోజుకో పొర.
పెద్దదాని ఇస్కూలు ఫీజు ఒక పొర,
నీకు కామెర్లొచ్చిన నెల ఒక పొర.
ఒక్క మధ్యాన్నంలో తోమీసినావు."

ఇరవై రెండేళ్ళు స్పిన్నింగులో చేశాను.
నూనె పట్టని గోగునార ఎలా తెగుతుందో,
ఎండిన బేరింగు ఎలా ఏడుస్తుందో
పక్క షెడ్డులోంచి విని చెప్పగలను.
పెనం దగ్గర మాత్రం
ఆ సంగతే తోచలేదు.

ఆ సాయంత్రం నుంచి పొయ్యి దగ్గర కూకోబెట్టింది.
కళ్ళుప్పు వేసి రుద్దు, నీళ్ళు చూపించకు.
సెగ మీద పెట్టు, పొగ రానీ.
సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి
మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి.
నూనె ఎక్కువైతే జిగురైపోద్ది, తుడిచీ.
తుడిచీసాననుకున్నాక మళ్ళీ తుడిచీ.
చేతికి దొరికింది గోనె ముక్క,
మా మిల్లుదే, అంచున నీలం గీత.
ఆ నూలు నేను తీసిందో, ఇంకొకడు తీసిందో.
పొగకి కళ్ళు మండాయి. పొగకే.

పగలు గేటు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.
మైదా జిగురుతో అంటించిన నోటీసు
అక్షరాలు వెలిసినా ఊడిరాలేదు.
ఎవడో గోటితో గీకిన చారలు.

చిరిగిన అట్లన్నీ నా వాటా.
పన్నెండు రోజులు తిన్నాను, చట్నీ లేకుండా.
పోయిన పిండి లెక్క ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది,
ఎవరి పేరు మీద రాసిందో అడగలేదు.

"నీటి చుక్క వెయ్యి," అనేది.
"చుయ్యిమని చచ్చిపోతే సెగ చాల్లేదు.
గోలీకాయలా పరిగెట్టాల.
అప్పుడు మంట తగ్గించి, తుడిచి, అప్పుడు పిండి.
పొయ్యగానే కాడ దూర్చీకు.
కాలినాక అదే ఒగ్గీస్తాది.
ఒగ్గలేదంటే కాల్లేదని."

పదమూడో రోజు మబ్బు.
పెనం మధ్యలో అరచేయంత మేర నల్లబడింది,
అంచులు ఇంకా తేలు రంగు.
పిండి పోశాను. చేతులు కట్టుకున్నాను.
బుడగలు లేచాయి, పగిలాయి,
తడి ఆరింది.
ఒక పక్క అంచు
చెవి రిక్కించినట్టు లేచింది.

కాడ పెట్టాను. ఒక మూల అంటుకుంది,
అబద్ధమెందుకు, చిన్న ముక్క పోయింది.
మిగతాది తిరగబడింది.
పిలుద్దామని ఇటు తిరిగితే
చట్నీకి పోపు పెడుతూ, తలెత్తకుండానే,
"ఇంకోటి ఎయ్యి," అంది,
"బంగారినాయుడికి ఏడింటికి డ్యూటీ."