వెలితి

కుతైసి రక్తనిధిలో రాత్రి రెండు దాటింది.
లాగ్ ఫైళ్లు ఒకదాని మీదొకటి పేరుకుని
డిస్కుకి గొంతుదాకా వచ్చింది.
ఓ నెగటివ్ సంచి ఏ అరలో ఉందో
డేటాబేసు చెప్పనంది.
దాని తప్పు కాదు,
ఓ ముక్క రాసుకుందామన్నా గోరంత చోటు లేదు.

బియ్యం అయిపోతే
నిండుకున్నాయి అంటాం కదా మనం.
ఆ మాట ఇంత అక్షరాలా నిజమవడం
ఇక్కడే చూశాను.

ఎతేరి కంగారుపడలేదు.
పోయినేడు తను దాచిన ఫైలొకటుంది:
పది జీబీల సున్నాలు,
పేరు ముట్టొద్దు.
ఈ దండగ ఎందుకని ముర్మాన్ నవ్వేవాడు.
ఒక్క మీట నొక్కి చెరిపేసింది.
డిస్కు ఊపిరి తీసుకుంది.
సంచి దొరికింది,
మూడో అర, వెనక వరస.

తెల్లారేలోగా పాత లాగ్‌లు ఊడ్చి,
ఎనభై శాతం దాటితే మోగే గంట కట్టి,
సున్నాలు మళ్లీ పోసింది, కొలిచి మరీ.

నేలలో పాతిన ద్రాక్షజాడీని
వాళ్ల తాత ఏనాడూ అంచుదాకా నింపలేదట.
రసం పొంగుతుందే పిల్లా,
అప్పుడు చోటెక్కణ్ణించి తెస్తావ్? అనేవాడట.

ముర్మాన్ అన్నీ విన్నాడు, తలూపాడు.
వెళ్లి టీ తెచ్చాడు,
కప్పు నిండా,
సాసర్లోకి ఒలుకుతూ.