ఈనె విరిగిన చప్పుడు

బీరువాలో చీరలన్నీ కుర్చీ మీదికి చేరాయి.
హ్యాంగర్ల కమ్మీకి ఒక మొక్క తలకిందులుగా వేలాడుతోంది.
దాని పేరు గంజాయి.
రాయకపోతే ఏదో అమాయకపు మొక్క అనుకుంటారు.

కగ్గదాసపుర, మూడో అంతస్తు, ఆగస్టు ముసురు.
ఎస్పీ రోడ్డులో నూట ఎనభైకి కొన్న సెన్సరు
తేమ డెబ్బై ఒకటి అంటుంది.
అరవై దాటితే తేమ పీల్చే డబ్బా లేవాలి,
యాభై ఐదుకి దిగితే పడుకోవాలి.
రెండు రిలేలు, పాత ఫోను చార్జరు,
నలభై లైన్ల కోడు.

మందు కోసమని అబద్ధమాడను. ఎవరికీ జబ్బు లేదు.
టమాటా కుండీ పక్కన గింజ వేశాను, లేచింది.
ఇప్పుడు బూజు పట్టనివ్వడం చేతకావట్లేదు,
అంతే.

అది మా ఇంటి రోగం.
టంగుటూరు అవతల పొగాకు బ్యారన్ దగ్గర
చెంచయ్య తాత రాత్రి కాపలా.
ఆరు రాత్రులు పొయ్యి నోట్లోకి సరుగుడు మొద్దులు తోస్తూ,
గాజుపలక వెనక థర్మామీటరు చూసేవాడు.
చూసి నమ్మేవాడు కాదు.
సెగలోకి దూరి ఒక ఆకు తెంపుకొచ్చి
ఈనెను చెవి దగ్గర పెట్టి విరిచేవాడు.
"వీడు అబద్ధాలకోరు. ఇంకా తడి మింగి కూచున్నాడు."
ఆకుని ఎప్పుడూ వాడు అనే అనేవాడు.

ఒక్క రాత్రి కునుకు పట్టింది.
ఎండిన ఆకొకటి జారి గొట్టం మీద పడింది.
బ్యారన్ కాలిన వెలుగులో
ఊళ్లో కోళ్లు రెండింటికే కూశాయట.
మూడేళ్ల జీతం ఆ కునుక్కే పోయింది.

ఆఫీసు మీటింగులో బల్ల కింద ఫోను,
ఫోనులో గీత దిగుతూ ఉంటుంది.
"షేర్లా?" అన్నాడు ధనుంజయ. "పడుతున్నాయా?"
"మెల్లగా పడాలి.
గబుక్కున పడితే పైన పెళుసు, లోపల పచ్చి."
వాడు నోట్సులో ఏదో రాసుకున్నాడు.

తాత ఆకుకి వేలం కేంద్రం ఉండేది,
బేలు మీద నంబరు, నంబరు కింద సర్కారు ముద్ర.
ముద్ర పడిన ఆ ఆకే
చివరి నాలుగేళ్లు ఆయన ఛాతీలో ఈల వేసింది.
నా ఆకుకి ఉన్నది సెక్షను.
ఈ రెండూ ఒక వాక్యంలో పెట్టి చూశాను.
న్యాయం ఏమీ తేలలేదు, తల మాత్రం నొప్పి పుట్టింది.

పదకొండో రాత్రి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది.
డబ్బా ఆగింది, గీత ఆగింది,
వాన ఒక్కటే ఆగలేదు.
టార్చి కూడా వెయ్యకుండా బీరువా తెరిచి
చేత్తో వెతికాను.
మొదటి రెమ్మ వంగింది.
రెండోదీ వంగింది.
మూడోదాన్ని చెవి దగ్గరికి తెచ్చుకున్నాను,
టప్,
చీకట్లో పక్కనెవరో మెటికలు విరిచినట్టు.

తర్వాత కాఫీ పొడి గాజు సీసాలు,
రోజుకి రెండుసార్లు మూత ఎత్తి
ఊపిరి పోసే చిన్న మోటారు.
లోపల తేమ అరవై రెండు దగ్గర నిలవాలి.
ఆ అంకెకి కోడులో ఒక పేరు కావాలి కదా,
తాత మాటే పెట్టాను: పదును.
బ్యారన్ ఆరాక, మంచు తాకి
ఆకు చేతిలో పొడి కాకుండా మెత్తబడే ఆ గడియ పేరు.
దాని పైన, యంత్రం చదవని వరుసలో,
ఇంకొక మాట రాసుకున్నాను:
కునుకు పట్టినా పర్లేదు.

ఆ రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నాను.

పొద్దున తలుపు కొట్టారు, ఎదురింటి పుట్టమ్మగారు,
చేతిలో పూల పళ్లెం.
నాలుగు రోజులుగా మెట్ల మీద ఆ వాసనట.
"దవన ఇద్రె ఒందు కడ్డి కొడమ్మా, పూజెగె."

వెనక గదిలో
మోటారు సన్నగా మూలుగుతూ మూత ఎత్తింది.

"ఇంకా ఆరలేదండీ," అన్నాను.