తరుగు

ఆదోని మార్కెట్ యార్డులో
పదకొండేండ్లు కాటా ముల్లు చూసిన కండ్లు నావి.
ఇప్పుడు ముల్లు లేదు, ఎర్ర అంకెలు.
బోరెం ఎక్కుతుంది, అంకె వణుకుతుంది,
నిలబడేలోపే నేను అరవాల.
సేటు చెప్పినట్టు అరవాల:
రెండు కిలోలు దుమ్ముకు, ఒకటి తేమకు,
ఇంకొకటి దేనికో ఎవురూ అడగరు.
దాని పేరు తరుగు.

నా జీతానికీ ఉండేది తరుగు.
ఐదో తేదీ బండి కంతు,
ఏడో తేదీ ఫోను కంతు,
పదో తేదీ గోడంత టీవీ.
దాంట్లో మేం ఎక్కువగా చూసింది
కరెంటు పోయినప్పుడు మా ముఖాలే.
పన్నెండుకల్లా జేబులో మిగిలేది
బస్సు టికెట్టు వెనక
కండక్టరు రాసిచ్చిన చిల్లర బాకీ.

ఉరుకుందమ్మే మొదలుపెట్టింది.
కోపంగా కాదు. పుండికూర తుంచుతా తుంచుతా
"పెండ్లైన కొత్తలో
కోట కొండ కింద ఒంటిగదిలో ఉన్నప్పుడు
నీకు రేత్రి నిద్ర పట్టేది కదా" అనింది.
అంతే.
కాడలు ఒకపక్క, ఆకులు ఒకపక్క.

ఆ నెలే బండి అమ్మినాం.
కొన్నోడు కిక్కు కొట్టి పోతా ఉంటే
నా కాలు ఊరికే కదిలింది.
రెండువేల రెండు నూర్లకు పాత సైకిలు,
గొలుసు ఊడుతుంది, ఎదురుగాలిలో మాట వినదు.
"గుమాస్తా దివాలా" అని హమాలీలు నవ్వినారు.
నేనూ నవ్వినాను.
ఆ రేత్రి తొడలు నొచ్చి ఏడ్చింది మటుకు
ఎవురికీ చెప్పలేదు.

టీవీ పోయింది.
గోడ మీద దాని కొలతకు తెల్లటి చదరం మిగిలింది.
మా పాప అందులో బొగ్గుతో ఏనుగును గీసింది.
తొండం పట్టక పక్కగోడ దాకా పోయింది.

జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, ఎర్రగడ్డ.
ఆదివారం మటుకు కోడిగుడ్డు.
ఒక దసరాకు కొత్తగుడ్డల్లేవని
పాప మూడు దినాలు నాతో మాట్లాడలేదు.
పొదుపు తియ్యగా ఉంటుందని చెప్పేవాళ్ళు
ఆ మూడు దినాలు మా ఇంట్లో ఉండాల్సింది.

కంతులు ఒకటొకటే రాలినాయి,
మానుతున్న పుండు మీది పక్కుల మాదిరి.
ఆఖరిది కట్టిన దినం
ఫైనాన్సు పిల్లోడు నవ్వుతా అడిగినాడు:
"మళ్ళా లోను కావాల్నా అన్నా, మీ రికార్డు బాగుంది."
బేడీలకు నా మణికట్టు కొలత
ఇంకా గుర్తున్నట్టు.

తర్వాత పోస్టాఫీసు.
పాసుబుక్కును ఉరుకుందమ్మ రూపాయల్లో చదవదు.
"రెండు నెలల బువ్వ" అంటుంది.
"నాలుగు నెలలు."
మొన్న వినాయక చవితికి,
"ఎనిమిది నెలలు, అద్దెతో కలిపి."

కార్తీకంలో పత్తి దిగింది.
కోసిగి పక్కనుంచి ఒక ముసిలాయప్ప, పేరు తిక్కయ్య,
పదమూడు బోరేలు.
తువ్వాల తలకింద పెట్టుకొని
రేత్రంతా వాటి మీదనే పండుకున్నాడు.
మొదటి బోరెం ఎక్కింది.
అంకె వణికి నిలబడింది: అరవై నాలుగు.
సేటు దగ్గినాడు.
ఆ దగ్గుకు అర్థం అరవై.

ఎనిమిది నెలలు, అద్దెతో కలిపి.

"అరవై నాలుగు!" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినపడింది.
హమాలీ మద్దిలేటి బోరెం దించడం మరిచిపోయినాడు.
సేటు నన్ను చూడలేదు, అంకెను చూసినాడు,
అదేదో దాని తప్పయినట్టు.
రెండోది అరవై ఒకటి.
అరవై ఒకటే అన్నాను.
ముసిలాయప్పకు ఏమీ తెలియలేదు.
వేళ్ళ గణుపుల మీద లెక్క పెట్టుకుంటా ఉన్నాడు,
ఎప్పటిలాగే తక్కువొస్తుందని
ముందే ముఖం సిద్ధం చేసుకొని.

సాయంత్రం సేటు
రేపటినుంచి రావద్దన్నాడా, రమ్మన్నాడా,
అది ఇంక అంత పెద్ద మాట కాదు.
బ్రిడ్జి కాడ సైకిలు గొలుసు ఊడింది.
చేతులకు నల్ల గ్రీజు.
తొందరేమీ లేదు.
కూర్చొని ఎక్కించుకున్నాను.