జీడిమచ్చ

పలాసలో జీడిపిక్కలు కొట్టే దాలమ్మకి
ఒంటిమీద నల్లమచ్చ కొత్త కాదు.
చంక కింది పక్కుని చూసి
"జీడి సిందింది" అనుకుంది.

గట్టున గడ్డి కోసిన పూట
ఆవగింజకన్నా చిన్న పురుగుపిల్ల
నొప్పి తెలీకుండా కుట్టింది.
దాని ఎంగిలితో దిగినవాడు
కణం గడప తడితే
కణమే చెయ్యందించి లోపలికి తీసుకుంది.
అక్కడే తిన్నాడు, పదిమందయ్యాడు.
పోతూ పోతూ
ఆమె పొరనే దుప్పటిలా కప్పుకుని
పక్కింటికి నడిచాడు.
కాపలా కణాలు చూసి
మనవాడేలే అనుకున్నాయి.

నూట నాలుగు జ్వరం.
మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు.
నర్సు సుభాషిణి "సెయ్యెత్తవే" అంది.
వేళ్ల మచ్చల్నీ, ఆ మచ్చనీ
మార్చి మార్చి చూసింది.
"ఇది జీడిది కాదే, దాలమ్మా."

"అయితే ఏటమ్మా?
రేపు పనికెల్లొచ్చా?"