వంకర మేకు

బరంపురం కర్రల షావుకారు
రంగుల పుస్తకం ఒకటి పంపాడు.
పేజీకో చెక్క, చెక్కకో పొగరు.
చారల గుర్రం ఒంటిలాంటిది ఒకటి,
వంకాయ రంగుది ఇంకొకటి,
ఏ సముద్రం అవతల నరికారో
అరచేతి వెడల్పు ముక్కకి
నా నెల కరెంటు బిల్లంత ధర.
పేర్లు చదువుతుంటే నాలుక మడతపడింది.
పుస్తకం మూసి పచ్చడి జాడీ మీద పెట్టాను.
బరువుకి బాగానే పనికొచ్చింది.

పర్లాకిమిడిలో కొమ్ము చెక్కేవాళ్ల వీధి చివర
నాది తరిమెన కొట్టు.
పాత కుట్టుమిషను బల్ల, అర హార్స్‌పవర్ మోటారు,
ఐదు ఉలులు. ఆరోది అరిగి చెంచా అయింది.
నా దగ్గరికి కొత్త మాను రాదు,
ఒకసారి వాడి పారేసినవే వస్తాయి:
జిట్రేగి మంచం కోడు (ఎవరి మంచమో అడగను),
పగిలిన పనస రోలు,
మహేంద్రతనయ వరదకి ఒడ్డున పడ్డ చింత మొద్దు,
బొడ్డు నల్లగా, మిగతాదంతా మజ్జిగ రంగు.
తునికి నడిమి నలుపు మాత్రం
ఆకు కోసేవాళ్లు చేతికర్రగా తెచ్చి
టీ డబ్బులకి ఇచ్చిపోతారు.

మొన్న సోంబారు గమాంగో వచ్చాడు.
చిన్న రైలు తిరిగినన్నాళ్లూ గ్యాంగుమేను.
భుజం మీద స్లీపరు ముక్క.
పట్టాలు వెడల్పు చేసిన ఏడు వేలంలో ఎవరో పాడుకున్నది,
కాశీనగరంలో ఇతని మేకల పాకకి
ఇన్నాళ్లూ గడప.
"ఓ గిన్ని సేసీ తల్లీ" అన్నాడు.
"ఏటి పోస్తావు అందులో?"
"ఏటీ పొయ్యను. సూస్తాను."

సాలకర్ర. మేం గుగ్గిలం అంటాం.
పైనంతా తారు, బొగ్గు నుసి,
ఇంజను నూనె, మేకల గిట్టలు.
బాడిసతో వేలెడు లోతు చెక్కితే గానీ
చెట్టు కనిపించలేదు.
కనిపించాక,
ఇంకా ఎర్రగానే ఉంది,
తను చచ్చి అరవై ఏళ్లయిందని
ఎవరూ తనకి చెప్పనట్టు.

మోటారు వేశాను.
ముందు దడదడ, నలుచదరం గాలిని కొట్టే చప్పుడు.
తర్వాత చప్పుడు గుండ్రమైంది.
పొట్టు మొదట నల్లగా, పొడిగా, కసిగా,
తర్వాత రిబ్బను.
గిన్నె నడుము దగ్గరికి వచ్చేసరికి
టంగుమని ఉలి ఎగిరి బొటనవేలు కొరికింది.
ఇనుము.
తల తెగిన మేకు ఒకటి
లోపల పక్కకి ఒరిగి పడుకునుంది.
దాని చుట్టూ కర్ర నీలమైంది.
నేరేడు తిన్న నాలుక నీలం,
కాదు, వానకి ముందు మహేంద్రగిరి.
ఆ రంగు షావుకారు పుస్తకంలో లేదు,
జాడీ మీంచి తీసి మళ్లీ చూశాను.
ఇనుమూ కర్రా చీకట్లో
ఒకదాన్నొకటి తింటూ కూర్చుంటే వచ్చే రంగు.
దానికి సముద్రం దాటక్కర్లేదు,
కదలకుండా రైలు కింద పడుంటే చాలు.

పట్టుకారుతో మేకు లాగడానికి పావుగంట.
గిన్నె గోడకి చిల్లు మిగిలింది,
చిటికెనవేలు పట్టేంత.
లక్కతో పూడుద్దామనుకుని
మానేశాను.

సోంబారు ముందు గిన్నె ముట్టుకోలేదు.
మేకు అడిగాడు.
గుమ్మంలో వెలుతురుకి పట్టుకెళ్లి
ఒక కన్ను మూసి,
పట్టా వంపు చూసేవాడిలా తిప్పాడు.
"ఇది నా దెబ్బ కాదు.
నా మేకు వంకర పోదు."
"మరెవరిది?"
చాలాసేపు ఆలోచించాడు.
ఒక్కొక్క పేరూ పెదాల మీద నడిపించాడు,
వంశధార వంతెన దగ్గర్నుంచి.
"దుర్యోధన పాయికో. మధ్యాన్నం పూట కొట్టుంటాడు.
ఆకలేస్తే ఆడికి సెయ్యి నిలవదు."
నవ్వి, మేకుని పంచె కొసకి ముడేశాడు.
"ఆడింటికి పట్టుకెళ్లి సూపించాల."
"ఉన్నాడా?"
"లేడు గానీ, కొడుకున్నాడు.
అయ్య ఎంత సెడ్డగా కొట్టీవోడో
ఆడికి తెలవాల కదా."

గిన్నె బల్ల మీదే వదిలేసి పోయాడు.
నాలుగు రోజులైంది.
చిల్లులోంచి ఒక చీమ
వస్తూ పోతూ ఉంది.
రసీదు పుస్తకంలో
ఒక గిన్నె, ఒక మేకు అని రాసి
ఎదురుగా ఎంత వెయ్యాలో తెలీక
గీత పెట్టాను.