నీళ్ల లెక్క

రోజుకి పన్నెండు సోళ్లు నా జేబులో.
అందులోనే మధ్యాహ్నం తిండి, అందులోనే బస్సు,
మిగిలితే ఒక నారింజ.

లీమాలో నేను నీటి మీటర్లు చదువుతాను.
గేటు పక్కన ఇనప మూత ఎత్తి
సాలెగూడు తుడిచి
అంకె రాసుకుని మూత వేస్తాను.
కుక్కలకి నేనంటే పడదు.
ఏడాదిలో సగం ఇక్కడి ఆకాశం
సొట్టబోయిన అల్యూమినియం గిన్నె అడుగు.
వాన పడదు, తడి మాత్రం చొక్కాని వదలదు.

ఎక్కడ తినాలో నన్నడగండి.
గోడ నిండా ఫొటోలున్న చోటికి వెళ్లకండి,
గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకు లాగేవాడి దగ్గరికి అసలే వద్దు.
బల్లల మీద హెల్మెట్లు బోర్లించి ఉన్నాయా,
బ్యాంకు కాపలావాడు టోపీ ఒళ్లో పెట్టుకు తింటున్నాడా,
మూల ఓ పిల్లాడు నాలుక బయటపెట్టి
ఎక్కాలు రాస్తున్నాడా,
కూర్చోండి.
అది చాలదంటే నా గుట్టు చెబుతాను:
మీటరు చూడండి.
బోర్డు మీద సుద్దముక్క ఏమైనా రాస్తుంది.
నీళ్లకి అబద్ధమాడ్డం రాదు.
బాగా వండే చోట
అంట్లు గుట్టపడతాయి.

అలా దొరికింది దోన్యా సెనోబియా.
బ్రేన్యాలో ఓ కారు షెడ్డు, కారు లేదు,
నాలుగు బల్లలు, పదకొండు కుర్చీలు.
అంత చిన్న గుమ్మానికి అన్ని నీళ్లేమిటి,
పైపు పగిలిందేమోనని తలుపు కొట్టాను.
"పగల్లేదు నాయనా, కడుగుతున్నాం" అంది.
వెనకాల కొత్తిమీర ఏదో నూనెలో పడింది.
నా కలం అక్కడే ఆగిపోయింది.

తొమ్మిది సోళ్లకి సూపు, అన్నం, కూర,
గ్లాసుడు ఊదారంగు మొక్కజొన్న పానకం.
సోమవారం పప్పు.
సోమవారం పప్పు తింటే వారమంతా డబ్బు ఆడుతుందని మావాళ్ల నమ్మకం.
ఇరవై ఏళ్లుగా తింటున్నాను.
పప్పు బావుంటుంది.

ఆవిడ గరిటెకి లెక్కలు రావు.
"యాపా" అని నోరు తెరిచేలోపే
కొసరు పడిపోతుంది కంచంలో,
అరగరిటె, ఆపైన ఇంకాస్త,
దాని చాటున దాక్కుని ఒక బంగాళాదుంప.
కొన్నది కడుపులోకి పోతుంది.
కొసరిందే ఒంటికి పడుతుంది.

తర్వాత నా వీధులు మార్చారు.
బ్రేన్యా నెలకి ఒక్కరోజు.
జులైలో అంకె తగ్గింది. చలికాలం కదా అనుకున్నాను.
ఆగస్టులో ఇంకా తగ్గింది.
సెప్టెంబర్లో మూత ఎత్తితే
పోయిన నెల అంకె
కదలకుండా పడుకుని ఉంది.

షట్టరు సగం దించి ఉంది. వంగి వెళ్లాను.
కుర్చీలు బల్లలెక్కి కాళ్లు పైకి పెట్టుకున్నాయి.
ఎడమ చేతికి పిండికట్టు, కుడి చేత్తో గరిటె,
ఒక్క పొయ్యి మీద ఒక్క గిన్నె.
"మెనూ లేదు" అంది.
"తొమ్మిది సోళ్లు తెచ్చాను" అన్నాను.
"లేనిదానికి డబ్బు తీసుకుంటారా ఎక్కడైనా?"
మా ఆఫీసులో తీసుకుంటారు. కనీస చార్జీ అంటారు.
ఆ మాట చెప్పలేదు.

మెట్ల మీద జారిందట. మనవడు ఎలోయ్ రాత్రుళ్లు వచ్చి పోతాడట.
చెబుతూనే తన గిన్నెలోది రెండు గిన్నెలు చేసింది.
పల్చటి రవ్వ సూపు, అందులో ఒకే ఒక్క కోడికాలు.
నాకొద్దంటున్నా నా వైపే పడింది.
దాని మీద ఇంకో అరగరిటె.
కట్టు కట్టింది ఎముకకే.

గిన్నె తీయబోతుంటే లాక్కున్నాను.
కుళాయి విప్పాను.
ఆవిడ గిన్నె, నా గిన్నె, గరిటె,
మూల నానుతున్న నిన్నటి కుండ కూడా.

బయటికొచ్చి మళ్లీ మూత ఎత్తాను.
ఎర్ర ముల్లు
వెంట్రుకవాసి కదిలింది.
అంకె దిద్దాను.
పక్కన, గళ్లు లేని చోట, చిన్నగా రాశాను:
తెరిచే ఉంది.