నాలుగు మిల్లీ ఆంపియర్లు

అంబత్తూరు ఎస్టేట్లో సబ్బుపొడి కంపెనీ.
మే నెల. రేకుల కింద ఫ్యాను
ఉన్న వేడినే కలియబెడుతోంది.
మూడు కాళ్ల మీద తొట్టి,
ఒక్కో కాలి కింద ఒక లోడ్ సెల్,
అరచేయంత ఉక్కు ముక్క.
కంటికి కనపడకుండా వంగడమే దాని ఉద్యోగం.

ఆ వంపు తీగల వెంట ప్యానెల్లోకి నడిచొచ్చి
అగ్గిపెట్టెకు అన్నలాంటి డబ్బాలో
ఎర్ర అంకెలవుతుంది.
నాలుగు మీటలు, అడుగు లేని మెనూ.
కెపాసిటీ ఐదువందలు. డివిజన్ పాయింట్ రెండు.
సెల్ వెనక చెక్కిన అంకెను
టార్చి వేసి చదివి, మొక్కు తీర్చినట్టు ఎక్కించాను.

తూనిక రాళ్ల బండి పాడి దగ్గర పంక్చరైందని ఫోను.
"రాళ్లు లేకపోతే నీళ్లు లేవా ఏమ్మా?"
అన్నాడు చెంగల్రాయుడు,
ఇరవై రెండేళ్లుగా ఈ తొట్టి కింద బస్తా పట్టినవాడు,
తెలుగులో మొదలెట్టి అరవంలో ముగించేవాడు.

సెల్వం మూడు చక్రాల బండి వచ్చింది,
ఇరవై నాలుగు నీళ్ల క్యాన్లతో.
స్టోర్సులో ముద్ర వేసిన కాటా మీద
ఒక్కోటీ తూచి సుద్దముక్కతో రాశాం.
ఇరవై పాయింట్ ఆరు. ఇరవై పాయింట్ నాలుగు. మళ్లీ ఆరు.
ఒకే బోరు నీళ్లు,
ఏ మూతి దగ్గర ఎవరి చెయ్యి వణికిందో.

తొట్టి నడుముకు గొలుసులతో పలకలు వేలాడదీశాం.
వాటిని చూసీ చూడనట్టు
సున్నా నొక్కాను.
క్యాన్లెక్కాయి. దిగాయి.
అంతా దించినా అంకె మాత్రం
మూడు పాయింట్ నాలుగు దగ్గర
బాకీ ఉన్నవాడిలా నిలబడింది.
ఫిల్టరు పెంచాను.
అంకెలు వణకడం మానేశాయి,
అబద్ధం మానలేదు.

చెంగల్రాయుడు సంచులు కుట్టే దారం తెంపి
తొట్టి చుట్టూ తిప్పుకుంటూ పోయాడు.
వెనకవైపు దారం ఆగింది.
పోయినేడాది రిపేర్లో ఎవరో బిగించిన గాలి గొట్టం
తొట్టికి భుజం ఆనించి ఉంది.
"పాపం, సాయం పడుతోంది" అన్నాడు.
మనుషుల్లో అయితే మంచితనం.
ఇక్కడ బస్తాకి గుప్పెడు దొంగతనం.
రెండు బోల్టులు వదులు చేసి
వేలు దూరేంత పక్కకి జరిపాం.

మళ్లీ ఇరవై నాలుగు, మళ్లీ భుజాలు.
నాలుగు వందల తొంభై నాలుగు పాయింట్ ఎనిమిది,
సుద్ద చెప్పిన మొత్తమే తెర మీదా.
పలకలు, గొలుసులు విప్పేసరికి
మైనస్ ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు.
చూడనట్టు నటించిన బరువుకి
వెళ్లిపోయాక లెక్క తేలుతుంది.
ఇంకోసారి సున్నా.

మిగిలింది కరెంటు. నిండుకి ఇరవై మిల్లీ ఆంపియర్లు,
ఖాళీకి నాలుగు.
"ఖాళీకి కూలి దేనికమ్మా?"
సున్నా వస్తే తీగ తెగిందని, అన్నాను.
నాలుగు వస్తే, ఉన్నాను గానీ నాలో ఏమీ లేదని.
అతను చాలాసేపు మీటరు చూస్తూ ఉండిపోయాడు.
"నైట్ షిఫ్టులో మా ఆవిడ రోజూ ఫోను చేస్తది.
ఏందే అంటే, ఏం లేదు, ఊరికే అంటది.
విసుక్కుంటా నేను."
తర్వాతేమీ అనలేదు.
స్క్రూడ్రైవరు తుడిచి నాకిచ్చాడు.

మూడింటికి సీలు వేశాను.
అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, దాహం.
ప్యాకింగ్ ఆడవాళ్లు, లోడర్లు, వాచ్‌మన్,
స్టీలు గ్లాసులు, చొక్కా కాలర్ల మీదికి కారుతూ
మా తూనిక రాళ్లని తాగేశారు.

తొమ్మిది క్యాన్లు అయిపోయాయి.
మిగతావి సెల్వం కొరటూరు వైపు తొక్కుకుపోయాడు,
తుడవమన్నా తుడవకుండా.
ఈ సాయంత్రం ఎవరి వంటింట్లోనో
స్టాండు మీద బోర్లా పడి ఉంటుంది
ఇరవై పాయింట్ ఆరు.
మొదటి చెంబుతోనే ఆ అంకె తప్పు.
నేను సీలు వేసింది తొట్టికి మాత్రమే.